దొరగారికి సాంబ్రాణి పడదు

రండి, కుర్చీ ఇంకాస్త ఇలా జరుపుకుని కూర్చోండి. పొయ్యి మీద ఏదన్నా ఉంటే కట్టేసి మరీ రండి. ఇది పొగ పడని ఒక పిట్ట కథ. వింటూ వింటూ మీరు కూర మాడబెట్టుకుంటే నాకు పేరు రాదు.

జనం కరోనా మాస్కులు తీసి గోడకి తగిలించిన ఏడు అది. మచిలీపట్నంలో, అంటే మా బందరులో, ఒక ప్రైవేటు పశువుల క్లినిక్కులో నేను ఆయాగా చేస్తున్నాను. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. పేరుకి ఊడ్చడం, తుడవడం, పంజరాలు కడగడం. అసలు పని పట్టుకోవడం. డాక్టరమ్మ సూది వేస్తుంటే కుక్కను పట్టుకోవాలి, గోళ్లు తీస్తుంటే పిల్లిని పట్టుకోవాలి. దీన్ని రెస్ట్రెయింట్ అంటారట. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ మాట నేర్చుకోవడానికి రోజులు పట్టింది గానీ, ఆ పని నేర్చుకోవడానికి పట్టలేదు.

అన్నిట్లోకీ పిట్టను పట్టుకోవడం కష్టం. మనకి ఊపిరితిత్తుల కింద ఒక పొర ఉంటుంది. అది కిందికీ పైకీ ఆడితే మనకి ఊపిరి ఆడుతుంది. పిట్టకి ఆ పొర లేదు. దాని రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి. ఎగిరిపోతుందేమోనని భయపడి రొమ్ము మీద బిగించి పట్టుకున్నామా, గొంతు నొక్కినట్టే. అందుకని ఒంటికి తువ్వాలు వదులుగా చుట్టి, తలకి రెండు పక్కలా రెండు వేళ్లు ఆనించి, రొమ్ము దగ్గర మాత్రం ఖాళీ ఉంచాలి. ఇదంతా డాక్టరమ్మే నాకు చెప్పారు. చెప్పిన మనిషే ఇప్పుడు పిట్ట వస్తే చాలు, "రమణమ్మ ఏదీ?" అంటారు. అది విన్నప్పుడల్లా నాకు కాస్త పొగరు వస్తుంది, దాచడమెందుకు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా, గుడివాడ నుంచి ఒక బియ్యం వ్యాపారి పంజరం పట్టుకుని వచ్చాడు. అందులో ఉన్నది రామచిలక కాదు. రామచిలకను ఇంట్లో పెంచడానికి చట్టం ఒప్పుకోదు. ఇది వేరే దేశపు జాతి, గ్రే ప్యారట్ అంటారు. కాగితాలు సరిగ్గా ఉంటే పెంచుకోవచ్చు. ఒళ్లంతా బూడిద రంగు, తోక మాత్రం ఎర్రన. ఇస్త్రీ చేసిన కోటు తొడుక్కుని వెనక జేబులో ఎర్ర రుమాలు పెట్టుకున్నట్టు ఉంటుంది. అందుకే దానికి దొర అని పేరు పెట్టుకున్నాడు ఆ వ్యాపారి.

దొరగారు ఆ రోజు దొరలా లేరు. రెక్కలు వేలాడేసి, ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊపుతున్నారు. దీన్ని టెయిల్ బాబింగ్ అంటారు. పిట్ట కొమ్మ మీద బుద్ధిగా కూర్చుని ఉన్నా, తోక అలా ఊగుతోందంటే లోపల గాలికి కష్టపడుతోందని అర్థం. డాక్టరమ్మ ఎక్స్‌రే తీశారు. ఇంకేవో పరీక్షలకి విజయవాడ పంపారు. చివరికి ఆస్పర్జిల్లోసిస్ అని తేలింది. సోకింది దొరకైనా, పలకలేక నా నాలుక కూడా కొన్నాళ్లు జబ్బు పడింది.

తెలుగులో చెప్పాలంటే బూజు జబ్బు. తడిసిన గడ్డిలో, ముక్కిన వేరుశెనగ పప్పులో ఉండే బూజు గాలిలోకి లేచి, పిట్ట ఊపిరిలోకి పోయి అక్కడే కాపురం పెడుతుంది. పిట్టలకి ఊపిరితిత్తులతో పాటు కడుపులో కూడా గాలి సంచులుంటాయి. ఒకసారి అక్కడ బూజు పాతుకుందంటే కడిగెయ్యడం కుదరదు. ఆ వ్యాపారి ప్రేమ కొద్దీ పంజరంలో మెత్తగా వరిగడ్డి పరిచాడు. మా డెల్టాలో మామిడికాయ మాగెయ్యాలన్నా గడ్డే, గాజు సామాను ఊరు దాటించాలన్నా గడ్డే. పిట్టకి గడ్డి వేస్తే తప్పేముందని అనుకోవడం వింత కాదు. పైగా ఆ పంజరం వేలాడింది బియ్యం గోడౌను గుమ్మంలో.

"తగ్గుతుందా అండీ?" అని అడిగాడు.

"తగ్గుతుంది. పోదు. మన షుగరు జబ్బులాంటిది అనుకోండి. బతికినన్నాళ్లూ రోజూ పొద్దునా సాయంత్రం నెబ్యులైజర్ మిషనుతో మందు పట్టాలి. ఆ గోడౌను గాలికి దూరంగా ఉంచాలి" అన్నారు డాక్టరమ్మ.

ఆయన ఇల్లు గోడౌను పైనే. బతుకంతా ఆ ధూళిలోనే. చెడ్డవాడు కాదండీ. పంజరం కమ్మీల్లోంచి వేలు పెట్టి దొర తల నిమురుతూ కళ్లు తుడుచుకున్నాడు. "ఇది ఎగబీలుస్తుంటే నేను చూడలేను. ఇంజెక్షన్ ఇచ్చేయండి, నొప్పి లేకుండా పోతుంది" అన్నాడు.

డాక్టరమ్మ వెంటనే సరే అనలేదు, కాదనలేదు కూడా. నెలాఖరు దాకా క్లినిక్కులో ఉంచుతామని, ఎవరన్నా పెంచుకోవడానికి వస్తే ఇస్తామని, రాకపోతే అప్పుడు ఆలోచిద్దామని చెప్పి ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు. అడాప్షన్ అంటారు మా దగ్గర. దత్తత అన్నమాట.

చూడ్డానికి చాలామంది వచ్చారు. అంత ఖరీదైన చిలక ఊరికే వస్తుందంటే రారూ? అందరూ అడిగే మొదటి మాట, "మాట్లాడుతుందా?" అని. మాట్లాడుతుందంటే ముఖాలు వెలిగేవి. రోజుకి రెండు పూటలా మందు పెట్టాలి, జబ్బు పూర్తిగా నయం కాదు అనేసరికి ఎవరో ఒకరి ఫోను మోగేది. ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లినవాళ్లు మళ్లీ లోపలికి వచ్చేవాళ్లు కాదు. నెల దగ్గర పడుతోంది. రోజూ పంజరం కడిగేది నేనే కాబట్టి, ఆ తోక ఎలా ఊగుతోందో చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

అలాంటి రోజుల్లో పెడన నుంచి మస్తాన్‌బీ వచ్చింది, చిలక కోసం కాదు, మేక కోసం. పక్కింటి పెళ్లిలో మిగిలిన బిర్యానీ అన్నం అంతా ఆ మేక తినేసి, కడుపు డోలులా ఉబ్బి ఉంది. డాక్టరమ్మ దాని సంగతి చూస్తుంటే, మస్తాన్‌బీ బల్ల మీద దొర పంజరం పక్కన కూర్చుంది. నలభై దాటిన మనిషి. అద్దకం పని చేస్తుంది, అంటే కలంకారీ గుడ్డ మీద చెక్క అచ్చులతో బొమ్మలు అద్దడం. వేళ్లకి ఎరుపూ నలుపూ మరకలు, ఎంత కడిగినా పోనివి.

ఆవిడ అందరూ అడిగే మాట అడగలేదు. "అక్కా, ఇతనికి ఆయాసమా?" అంది.

అవునన్నాను.

"ఆ తోక చూస్తే తెలిసింది. మా ఆయనకి భుజాలు ఇలాగే ఎగిరేవి."

భర్త ఉబ్బసంతో రెండేళ్ల కిందట పోయాడట. ఇంట్లో ఇప్పుడు తనూ, అత్తగారూ. జబ్బు సంగతి, నెబ్యులైజర్ సంగతి, నెలాఖరు సంగతి నేను చెప్పుకుంటూ పోయాను. ఆవిడ దొర వంకే చూస్తూ వింది. అంతా అయ్యాక, "మిషను మా ఇంట్లోనే ఉందక్కా. ఆయన పోయాక అటక మీద పెట్టేశాను. పారెయ్యడానికి చేతులు రాలేదు" అంది. కాస్త ఆగి, "ఇతన్ని నేను తీసుకెళ్తాను" అంది.

డాక్టరమ్మకి భయం. అద్దకం అంటే రంగుల కాగులు, కట్టెల మంట, పొగ. మస్తాన్‌బీ సర్దిచెప్పింది. గుడ్డలు ఉడకబెట్టేది ఊరి బయట కాలవ గట్టు మీదట. తను అద్దేది ఇంటి వెనక గోడ అవతల, తనకి పని ఇచ్చే నాంచారయ్య గారి షెడ్డులోనట. అక్కడ నిప్పే ఉండదట. వంట గ్యాసు మీదట. డాక్టరమ్మ నన్ను పంపించారు, ఇల్లు చూసి రమ్మని.

వెళ్లాను. రెండు గదుల ఇల్లు, పొడిగా, గాలి ధారాళంగా ఉంది. గోడలకి చెమ్మ లేదు. వీధంతా నానమ్మ అని పిలిచే అత్తగారు హుస్సేన్‌బీ మంచం మీద కూర్చుని, "మనుషులకి దిక్కు లేదు గానీ పిట్టకి మిషనంట" అని సణిగింది. నేను చూడడం లేదనుకుని, పంజరం ఏ కిటికీ దగ్గర వేలాడదీస్తే ఎండ తగులుతుందో కోడలికి చేత్తో చూపిస్తోంది. ఆ చెయ్యి చూశాక నాకు ఇంకేమీ చూడక్కర్లేదనిపించింది.

"ఇల్లు బాగుందమ్మా. ఆ ఇంటికి నాదీ పూచీ" అని డాక్టరమ్మతో చెప్పాను.

అప్పుడు డాక్టరమ్మ మస్తాన్‌బీని కూర్చోబెట్టి చెప్పారు. "పొయ్యి పొగ, అగరొత్తులు, దోమల కాయిల్ ఏదీ దీని దగ్గరికి రాకూడదు. గడ్డి వద్దు, పాత పప్పు వద్దు. ఈ పిట్టకి పొగ తగిలిందని తెలిస్తే వెనక్కి తెచ్చేసుకుంటాను. తెచ్చాక నాకు మిగిలేది ఒకే దారి, అది మీకు తెలుసు." మస్తాన్‌బీ తల ఊపింది.

పట్టుకోవడం నేర్పే పని నాది. అచ్చు గుడ్డ మీద పెట్టి పిడికిలితో ధబ్బుమని కొట్టే చెయ్యి ఆవిడది. ఆ చేతికి బలం చాలా ఎక్కువ, మెత్తదనం రావాలి. మిగల ముగ్గిన సపోటా పండు తెప్పించి, తువ్వాలులో చుట్టి, నొక్కు పడకుండా పట్టుకోమన్నాను. మొదటి పండు పచ్చడైంది. రెండోదాన్ని ఇద్దరం తినేశాం. ఆ తర్వాతి పళ్ల మీద ఆవిడ వేలి ముద్ర కూడా పడలేదు. నా చేతి పని ఇంకో చేతికి వెళ్లింది. తల్లులకి పురుళ్లప్పుడు కలిగే గర్వం ఉంటుంది చూడండి, అలాంటిదే కలిగింది నాకు.

దొర పెడన వెళ్లాడు. చెక్‌అప్‌కి తెచ్చినప్పుడల్లా కాస్త బరువు పెరిగేవాడు. మస్తాన్‌బీ కబుర్లు చెప్పేది. గోడ అవతల తను అచ్చు కొడితే, గోడ ఇవతల దొర నోటితో "ధబ్" అనేవాడట. ఇద్దరూ పగలంతా అలా మాట్లాడుకునేవారట. "ఎవరు పని చేస్తున్నారో తెలియడం లేదమ్మా, కూలి ఎవరికియ్యను?" అని నాంచారయ్య గారు వేళాకోళం ఆడేవారట. ఆయన నేత కుటుంబం వాడు. ఆ అద్దకం షెడ్డు ఆయనదే. మస్తాన్‌బీ ఆయన్ని బాబాయ్ అంటుంది.

ఇంకో మాట కూడా నేర్చాడు దొర. ఆ వీధిలో కరెంటు పోవడం మామూలే. వచ్చినప్పుడల్లా నానమ్మ ఇంటింటికీ వినపడేలా "కరెంటొచ్చింది" అనేది, మిగతావాళ్లకి ఫ్యాన్లు తిరగనట్టు. దొర దాన్ని ఆవిడ గొంతుతో పట్టేశాడు. కరెంటు ఉన్నా లేకపోయినా అనేవాడు. నానమ్మ మొదట తిట్టేది. తర్వాత అది విని పక్కింటివాళ్లు మోసపోతుంటే నవ్వేది.

ఇక అసలు రోజు. సముద్రంలో వాయుగుండం పట్టింది. ముందు రోజు నుంచీ ఈదురు గాలి. పెడనలో పొద్దుటే కరెంటు పోయింది. డాక్టరమ్మ దివిసీమ వైపు, అవనిగడ్డ క్యాంపుకి వెళ్లి ఉన్నారు. క్లినిక్కులో నేనూ, మందుల కౌంటరు అమ్మాయీ. మధ్యాహ్నం కాకముందే బయట ట్రాలీ ఆటో ఆగింది, నాంచారయ్య గారు గుడ్డల మూటలు వేసే ఆటో. అందులోంచి మస్తాన్‌బీ చిన్న పంజరం గుండెకి హత్తుకుని దిగింది. వెనకాల నానమ్మ.

పంజరం మీద కప్పిన గుడ్డ తీశాను. దొర నోరు తెరిచి ఉన్నాడు. పిట్ట నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే అది ఆఖరి మెట్టు. తోక ఊగడం కాదు, ఒళ్లంతా ఊగుతోంది. అప్పుడే నాకు వాసన తగిలింది. సాంబ్రాణి. పంజరం కమ్మీల నిండా, దొర ఈకల నిండా సాంబ్రాణి.

అడిగే టైము కాదు. మస్తాన్‌బీ మాత్రం ఒక్కటే చెప్పింది: "నేను అచ్చు కొట్టానక్కా. జవాబు రాలేదు. మళ్లీ కొట్టాను, రాలేదు. గోడ చుట్టూ పరిగెత్తాను."

డాక్టరమ్మకి ఫోను చేశాను. గాలి హోరులో ఆవిడ గొంతు తెగి తెగి వినపడింది. "రమణమ్మా, బయటికి తియ్యకు. పంజరంతో సహా ఆక్సిజన్ పెట్టెలో పెట్టు. లైటు తీసెయ్యి. ఎవర్నీ మాట్లాడనివ్వకు. విను, ఏం జరిగినా ముట్టుకోకు. నేను బయల్దేరాను."

ఆక్సిజన్ పెట్టె అంటే అద్దం తలుపున్న చిన్న గది లాంటిది. సిలిండరు నుంచి గొట్టం దానికి వస్తుంది. లోపల పెట్టి తలుపు వేశాను. క్లినిక్కులో ఇన్వర్టరు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. లైటు తీసేశాను. ఇక చెయ్యాల్సింది ఏమీ లేదు.

అదే కష్టం అనుకోండి. నా చేతులు పట్టుకోవడానికి అలవాటు పడ్డ చేతులు. ఏ ప్రాణి బాధపడినా ముందు నా చేతులు వెళ్తాయి, తర్వాత నా బుద్ధి. అద్దం అవతల దొర కొమ్మ మీంచి జారి అడుగున కూలబడ్డాడు. మస్తాన్‌బీ నా భుజం పట్టుకుంది. ఆవిడ చూపు తలుపు గడియ మీదే ఉంది. తలుపు తీసి, తువ్వాలులో ఎత్తి కూర్చోబెడదామని నాకూ ప్రాణం లాగింది. ఎత్తితే భయపడతాడు. భయపడితే గాలి ఇంకా ఎక్కువ కావాలి. ఆ గాలి అతని దగ్గర లేదు. నేను నేర్చిన విద్య అంతా అప్పుడు ఒకటే చెప్తోంది, నీ చేతులు కట్టుకో అని. చీర కొంగులో రెండు చేతులూ చుట్టేసుకుని కూర్చున్నాను.

నానమ్మ పక్కనే తస్బీ పూసలు తిప్పుతూ పెదాలు కదుపుతోంది. శబ్దం రాకూడదని ఎవరూ చెప్పకుండానే పూసలు కూడా చప్పుడు కాకుండా తిప్పుతోంది. నాంచారయ్య గారు గుమ్మంలో నిలబడి, వచ్చేవాళ్లకి వేలు పెదవి మీద పెట్టి చూపిస్తున్నారు. అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. గాలి ఒకసారి పెద్దగా ఊళ వేసి తగ్గింది. చూస్తుండగానే దొర నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. ఈసారి మూసే ఉంచాడు. తర్వాత ముక్కుతో కమ్మీ పట్టుకుని, ఒక్కో అడుగే ఎక్కి, కొమ్మ మీదకి చేరాడు. మస్తాన్‌బీ నా భుజం వదిలింది. ఆ వేళ్ల గుర్తులు మర్నాటి దాకా ఉన్నాయి. సపోటా పండుకి నేర్పిన మెత్తదనం నా భుజం దగ్గర పని చెయ్యలేదు.

డాక్టరమ్మ వచ్చేసరికి సాయంత్రమైంది. చీర అంచు తడిసి ఉంది. ముందు దొరని చూశారు. తర్వాత పంజరం వాసన చూశారు. తర్వాత మా ముగ్గురి వంకా చూశారు.

"పొగ ఎవరు వేశారు?"

"మా ఇంట్లోనే పడిందండీ. మా తప్పే" అంది మస్తాన్‌బీ. అత్తగారి పేరు ఎత్తలేదు.

డాక్టరమ్మ గ్లవ్స్ తీసేసి కుర్చీలో కూర్చున్నారు. "నేను ముందే చెప్పాను" అన్నారు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడారంటే నిర్ణయం అయిపోయినట్టే. ఆ ఇంటికి పూచీ పడింది నేనే.

అప్పుడు నానమ్మ లేచింది. "దాన్ని అనకమ్మా. వేసింది నేను."

ఆవిడ చెప్పింది ఇది. పొద్దుటే కరెంటు లేదు. మిషను పెట్టే వేళ దాటిపోతోంది. కోడలు కరెంటు రాగానే పెడతానని షెడ్డుకి వెళ్లింది. దొర తోక కాస్త ఊపుతున్నాడు. నానమ్మ రోజూ చూసేది ఏమిటంటే, మిషను పెడతారు, గొట్టంలోంచి తెల్లగా పొగ వస్తుంది, పిట్ట ఆ పొగ పీలుస్తుంది, కుదుటపడుతుంది. పిట్టకి పొగే మందు అని ఆవిడ లెక్క. మిషను పొగ లేనప్పుడు ఇంట్లో ఉన్న మంచి పొగ వెయ్యాలి కదా. పసిబిడ్డలకి నీళ్లు పోశాక పట్టేది ఏది? సాంబ్రాణి. అంతకంటే మంచి పొగ ఏముంది? కొబ్బరి చిప్ప గ్యాసు మీద కాల్చి, ఆ నిప్పుల మీద చల్లి, పంజరం మీద దుప్పటి కప్పి, పొగ బయటికి పోకుండా మరీ పట్టింది.

"అగరొత్తులు వద్దన్నారు, వెలిగించలేదు. పొయ్యి పొగ వద్దన్నారు, గ్యాసే వాడుతున్నాం. ఇది మందు అనుకున్నాను తల్లీ" అంది. కాసేపు పూసలు గుప్పిట్లో బిగించుకుని నిలబడింది. "నా కొడుకు పోయిన రోజు కూడా కరెంటు లేదు. మిషను పక్కన ఏం చెయ్యకుండా కూర్చున్నాను. ఈసారి కూర్చోలేకపోయాను."

డాక్టరమ్మ అద్దం వంక తిరిగి చాలాసేపు దొరని చూశారు.

దొరకి అప్పుడు మందు పెట్టాల్సి ఉంది. నేను నెబ్యులైజర్ తీసి, మందు పోసి, మీట నొక్కాను. గొట్టంలోంచి తెల్లగా వచ్చింది. నాకేం తోచిందో, నానమ్మ చెయ్యి పట్టుకుని ఆ తెలుపులో పెట్టాను. కాసేపు ఉంచి బయటికి తీశాను.

"చూడు నానమ్మా."

ఆవిడ అరచెయ్యి బొటనవేలితో రుద్దుకుంది. "తడిగా ఉందే" అంది.

"పొగ చేతిని తడుపుతుందా?"

నానమ్మ ఆ చేతిని అలాగే చూసుకుంటూ ఉండిపోయింది. నీళ్లమ్మా ఇవి, మందు కలిపిన నీళ్లు, మంచు తుంపరలా చేసి పంపుతుంది మిషను, అని చెప్పాను. ఆవిడ ఆ తడి చేతిని కళ్లకి అద్దుకుంది.

డాక్టరమ్మ లేచారు. "ఈ ముక్క నేను మొదటి రోజే చూపించాల్సింది" అన్నారు. తర్వాత మస్తాన్‌బీతో, "మూడు రోజులు ఇక్కడ ఉంచి పంపిస్తాను. ఒకటే ప్రశ్న. మళ్లీ కరెంటు పోతే ఏం చేస్తారు?" అని అడిగారు.

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. "నా షెడ్డులో ఇన్వర్టరు ఉందండి. గోడకి చిన్న బెజ్జం కొట్టి వైరు లాగేస్తే సరి. నా గోడే, అడిగేవాడెవడు?" అన్నారు నాంచారయ్య గారు. మస్తాన్‌బీ వైపు తిరిగి, "ఇంతకాలం గోడ అవతల నా దగ్గర కూలి లేకుండా పని చేశాడు కదమ్మా. ఆ మాత్రం కరెంటు అతనికి ఇవ్వనా?" అన్నారు. ఆ రోజు మొదటిసారి మస్తాన్‌బీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

కొన్ని నెలల తర్వాత డాక్టరమ్మా నేనూ పెడన వెళ్లాం, దొర ఇల్లు మరోసారి చూడ్డానికి. శుక్రవారం. మా వైపు శుక్రవారం నాడు సాంబ్రాణి సాయిబు వస్తాడు. చేతిలో నిప్పుల గిన్నె, రెండో చేతిలో నెమలి ఈకల విసనకర్ర. హిందువులనీ ముస్లిములనీ లేదు, ప్రతి ఇంటికీ ప్రతి కొట్టుకీ పొగ పట్టి దీవిస్తాడు. ఆ సాయిబు వీధి మొదట్లో కనిపించేసరికి నా అడుగు ఆగింది. డాక్టరమ్మ కూడా ఆగిపోయారు.

ఆ సాయిబు వీధి మలుపులో నాంచారయ్య గారి అరుగు మీద నిప్పుల గిన్నె దించాడు. మూత పెట్టాడు. రెండు చేతులూ కుర్తాకి తుడుచుకుని, ఉత్త విసనకర్రతో మస్తాన్‌బీ గుమ్మం దాకా నడిచి వచ్చి, కిటికీలో ఉన్న పంజరం వైపు ఒక్కసారి చల్లగా విసిరి, దువా చదివి వెళ్లిపోయాడు. ఆ వీధిలో దోమల కాయిల్ వెలిగించేవాళ్లు లేరు. చెత్త తగలబెట్టేవాళ్లు లేరు. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరు చెప్పాలి? దొరగారికి సాంబ్రాణి పడదు కదా" అన్నాడు ఎదురింటి ఆయన, మనకి తెలియదన్నట్టు.

లోపల నానమ్మ మిషను పెడుతోంది. ముందు తన చెయ్యి తుంపరలో పెట్టి, తడి చూసుకుని, ఆ తర్వాతే గొట్టం పంజరం వైపు తిప్పుతోంది. మందు పెట్టడం ఇప్పుడు ఆవిడ పనే. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదట. డాక్టరమ్మ నా వైపు చూసి కళ్లతోనే నవ్వారు. గోడలో బెజ్జం, దానిలోంచి ఒక ఎర్ర వైరు. గోడ అవతల మస్తాన్‌బీ అచ్చు ధబ్బుమంది. దొర "ధబ్" అన్నాడు. తర్వాత మెడ వంచి, ఇంటికి వచ్చిన డాక్టరమ్మని పైనుంచి కిందికి చూసి, నానమ్మ గొంతుతో, "కరెంటొచ్చింది" అన్నాడు.

దొర జబ్బు పోలేదు. పోదు కూడా. తోక అప్పుడప్పుడు ఊగుతుంది, వానాకాలంలో ఎక్కువ. కానీ ఇన్నేళ్ల పనిలో నా చేతుల మీదుగా వెళ్లిన ప్రాణులన్నిట్లోకీ, ఎవరన్నా నీ గొప్ప చెప్పమంటే, నేను దొర పేరే చెబుతాను. పట్టుకోవడం నా వృత్తి. ఎప్పుడు పట్టుకోకూడదో ఆ వాయుగుండం రోజు తెలిసింది. పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా పనేనని తెలిసింది. అది నానమ్మకి కూడా చెప్పాను, ఆవిడ కొడుకు సంగతి మనసులో పెట్టుకునే చెప్పాను. విని, నాకు టీ రెండోసారి పోసింది.

మా క్లినిక్కులో నెబ్యులైజర్ ఎవరు తీసుకెళ్లినా, మందు మోతాదు డాక్టరమ్మ చెబుతారు. ఆ తర్వాత నా దగ్గరికి పంపిస్తారు. నేను వాళ్ల చెయ్యి పట్టుకుని తుంపరలో పెట్టి, తడి చూపించి పంపిస్తాను. చదువుకున్నవాళ్లయినా, లేనివాళ్లయినా. అదే మా పద్ధతి.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంటి కిటికీల్లోంచి మంచి గాలి రావాలి. మీ ఇంట్లో పసివాళ్ల దగ్గర్నించి పెద్దవాళ్ల దాకా అందరి ఊపిరీ తేలిగ్గా ఆడాలి. కరెంటు పోయిన రోజున, గోడకి బెజ్జం కొట్టి వైరు లాగే పొరుగువాళ్లు మీకు ఉండాలి. చల్లగా ఉండండి.